పటం మీది అంకెకు సాక్షి ఎవరు?

ఒక నగర పటాన్ని బల్లమీద పరచి చూచినవారికి వీధులు, చెరువులు, రైలు మార్గాలు కనిపిస్తాయి. కాని వైద్యాధికారి, నీటి సరఫరా ఇంజనీరు, తుపాను సహాయానికి బయలుదేరిన కార్యకర్త ఆ పటాన్ని అడిగే ప్రశ్నలు వేరు. ఈ వార్డులో ఎన్ని కుటుంబాలున్నవి? ఇన్ని కుటుంబాలకు ఎన్ని కుళాయిలున్నవి? మోకాలి లోతు నీరు నిలిచే సందులు ఎన్ని? వీటికి జవాబు పటంలోని గీతలలో లేదు. వేలమంది వేరువేరు వేళలలో చూచి వ్రాసిన వివరాలను ఒకచోట చేర్చి, కూడి, సరాసరి కట్టి, ఒక అంకెగా మార్చినప్పుడే ఆ జవాబు దొరుకుతుంది. ఈ పనినే దత్తాంశాల క్రోడీకరణ అంటారు.

ఒకప్పుడు గుమాస్తాలు చేసిన ఈ పనిని నేడు కంప్యూటర్ చేస్తున్నది. అందులోనూ మూలరచనను దాచుకొనక, ఎవరైనా చదివి సవరించుకొనే వీలు కల్పించిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఈ రంగంలో ముందు నిలిచినది. అయితే కూడిక చేయగల సాధనాన్ని నిర్మించుట కష్టం కాదు. కూడిన అంకె నుంచి వెనుకకు నడిచి, అది ఎవరు చూచినది, ఎప్పుడు చూచినది, ఏ విధంగా లెక్కించినది అని తెలుసుకొనే దారిని తెరచి ఉంచుటే కష్టం. 2001లో కోల్‌కతాగా పేరు మార్చుకొన్న కలకత్తా నగరం ఈ పాఠాన్ని రెండు శతాబ్దాలుగా నేర్చుకొంటూనే ఉన్నది. ఆ పాఠంలో తెలుగువారి పాలు కూడా తక్కువ కాదు.

ఏలూరు నుంచి కలకత్తాకు

1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్‌గా నియమితుడైన కాలిన్ మెకంజీ, 1817లో మద్రాసు నుంచి కలకత్తా చేరుకొన్నాడు. దక్షిణదేశంలో పనిచేసిన కాలంలో అతడు కేవలం కొలత గొలుసును మాత్రమే నమ్ముకొనలేదు. ఏలూరుకు చెందిన కావలి సోదరుల సహాయంతో గ్రామగ్రామాన కరణాల వద్ద నుంచి స్థానిక చరిత్రలను, శాసనాల నకళ్లను, వంశావళులను సేకరింపజేశాడు. పెద్దవాడైన బొర్రయ్య 1803లో మరణించగా, తమ్ముడు లక్ష్మయ్య ఆ బాధ్యతను స్వీకరించి మెకంజీతోపాటు కలకత్తా వెళ్లాడు. తెలుగువారు కైఫీయతులని పిలుచుకొనే ఆ గ్రామచరిత్రలు ఈ విధంగా ప్రోగుపడినవే.

కైఫీయతులలో ఒక గొప్ప లక్షణమున్నది. ఏ గ్రామపు సంగతి ఆ గ్రామం పేరు మీదనే ఉంటుంది. పది గ్రామాల మాటలను కలిపి ఒక ముద్ద చేసి, "ఈ సీమ ఇట్టిది" అని చేతులు దులుపుకొనలేదు. అందుచేతనే ఈనాటి పరిశోధకుడు ఒక చెరువు గురించి, ఒక గుడి గురించి ఆ యా గ్రామపు మాటను విడిగా తీసి పరీక్షించగలుగుతున్నాడు. 1821లో మెకంజీ మరణించిన తరువాత ఆ పనిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య కోరినా ఏషియాటిక్ సొసైటీ అందుకు సమ్మతించలేదు. సేకరించినవాని చేతికి సాధనం దక్కకపోవుట ఈ కథలో మొదటి అన్యాయం.

ఆరు చోట్ల నుంచి చూచిన శిఖరం

రెండవ ఘట్టం కూడా కలకత్తాలోనే జరిగినది. జొరాసాంకోలో 1813లో జన్మించిన రాధానాథ్ సిక్దర్, 1831లో త్రికోణమితి సర్వేలో గణకుడుగా చేరాడు. ఆనాడు కంప్యూటర్ అంటే యంత్రం కాదు, లెక్కలు కట్టే మనిషి. 1849 నుంచి ఆయన కలకత్తాలో ప్రధాన గణకుడు. అప్పటికి పదిహేనవ శిఖరమనే సంఖ్య తప్ప వేరు పేరులేని ఒక హిమాలయ శిఖరాన్ని బీహారు మైదానాలలోని ఆరు కేంద్రాల నుంచి, నూరు మైళ్లకు పైబడిన దూరాన నిలిచి కొలిచారు. ఆ కోణాలన్నీ కలకత్తాకు వచ్చినవి. భూమి గుండ్రదనాన్ని, గాలిలో కాంతి వంగుటను లెక్కలోనికి తీసుకొని, ఆరు ఎత్తులను ఒక ఎత్తుగా క్రోడీకరించుట 1852 నాటికి ముగిసినది. 1856లో ప్రకటించిన ఎత్తు 29,002 అడుగులు. 2020లో నేపాల్, చైనాలు కలసి ప్రకటించిన 8,848.86 మీటర్లతో పోల్చితే తేడా సుమారు తొమ్మిది మీటర్లు మాత్రమే.

సరాసరి సరిగ్గా 29,000 రాగా, అంత గుండ్రని అంకెను లోకం ఉజ్జాయింపుగా భావిస్తుందని రెండడుగులు కలిపారని ఒక కథ ప్రచారంలో ఉన్నది. అది నిజమైనా కాకపోయినా నీతి మాత్రం స్పష్టం. ఆరు కొలతలనూ, వాటి మధ్య ఉన్న తేడాలనూ అంకె పక్కనే చూపి ఉంటే, నమ్మించుటకు రెండడుగులు అరువు తెచ్చుకొనే అవసరమే రాదు.

సిక్దర్‌కు జరిగిన మరొక సంగతి ఇంకా చేదైనది. సర్వే పద్ధతులను వివరిస్తూ 1851లో వెలువడిన గ్రంథంలో ఆయన చేసిన సహాయానికి కృతజ్ఞతలు ముద్రితమై ఉన్నవి. ఆయన 1870లో మరణించారు. 1875 నాటి మూడవ ముద్రణలో ఆ కృతజ్ఞతా వాక్యాలు లేవు. లెక్క మిగిలినది, లెక్క కట్టినవాని పేరు తొలగినది.

ఇద్దరు చూస్తే నిజం నిలకడ తెలుస్తుంది

మూడవ పాఠాన్ని 1931లో కలకత్తాలో భారతీయ గణాంక సంస్థను స్థాపించిన ప్రశాంతచంద్ర మహలనోబిస్ నేర్పారు. బెంగాల్‌లో జనపనార ఎన్ని ఎకరాలలో సాగవుతున్నదో తెలుసుకొనుటకు ప్రతి పొలాన్నీ చూడవలసిన పని లేదనీ, పటం మీద యాదృచ్ఛికంగా గళ్లు ఎంచి వాటిని మాత్రమే జాగ్రత్తగా పరిశీలిస్తే చాలుననీ ఆయన చూపారు. 1937లో ప్రయోగంగా మొదలైన ఆ సర్వే 1941 నాటికి బెంగాల్ అంతటా వ్యాపించినది.

అందులో ఆయన ప్రవేశపెట్టిన ఉపాయం నేటి సాధన నిర్మాతలకు కూడా శిరోధార్యం. ఒకే ప్రాంతంలో ఒకదానిలో ఒకటి అల్లుకొన్న రెండు నమూనాలను తీసి, వాటిని ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు బృందాలకు అప్పగిస్తారు. రెండు బృందాల అంకెలు దగ్గరగా వస్తే మొత్తాన్ని నమ్మవచ్చు. దూరంగా వస్తే పొలంలోనో, చూచినవాని కంటిలోనో, వ్రాసినవాని కలంలోనో లోపమున్నదని గ్రహించవచ్చు. ఆ తేడాను దాచక ప్రకటించుటయే ఆ పద్ధతికి ప్రాణం.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి ఉద్యోగం వెదుకుతూ కలకత్తా చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1941లో ఈ సంస్థలోనే చేరారు. 1945లో కలకత్తా గణిత సంఘపు పత్రికలో ఆయన ప్రకటించిన వ్యాసం, అంచనాల కచ్చితత్వానికి ఒక హద్దున్నదని నిరూపించినది. దత్తాంశాలలో ఎంత సమాచారమున్నదో అంతవరకే అంచనాకు పదును వస్తుంది. ఆ హద్దును ఏ నేర్పూ దాటలేదు. 2023లో అంతర్జాతీయ గణాంక పురస్కారం అందుకొని, అదే సంవత్సరం నూట మూడవ ఏటికి చేరువలో కన్నుమూసిన ఆ తెలుగు మేధావి మాట, రంగురంగుల పటాలను చూచి మురిసిపోయే నేటివారికి మంచి హెచ్చరిక. లేని సమాచారాన్ని రంగు పుట్టించలేదు.

నేటి పనిముట్లు

2004లో బ్రిటన్‌లో స్టీవ్ కోస్ట్ ప్రారంభించిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ప్రపంచ పటంలో నేడు కోటికి పైగా సభ్యులు నమోదై ఉన్నారు. వీరిలో ఎవరైనా తమ వీధిని గీయవచ్చు, ఇతరులు గీసిన దానిని దిద్దవచ్చు. బిందువు, రేఖ, వాటిని ముడివేసే సంబంధం అనే మూడు రూపాలలోనే ఆ పటమంతా నిలువ ఉన్నది. ప్రతి వస్తువుకూ "ఇది ఆసుపత్రి", "ఇది త్రాగునీటి కుళాయి" అని చీటీలు తగిలిస్తారు. ప్రతి మార్పుకూ చేసినవారి సభ్యనామం, తేదీ, ఎన్నవ సవరణయో తెలిపే సంఖ్య ఉంటాయి. సిక్దర్ విషయంలో జరిగిన పొరపాటు ఇక్కడ జరుగుటకు వీలు తక్కువ.

ఈ ముడిసరకును ఏరి, కూడి, పట్టికగా మార్చే సాధనాలు కూడా ఉచితంగానే లభిస్తున్నవి. 2001లో వెలువడిన పోస్ట్‌జీఐఎస్ దత్తాంశాలను నిలువ ఉంచి, "ఈ హద్దు లోపల ఉన్న బిందువులెన్ని?" వంటి ప్రశ్నలకు జవాబిస్తుంది. 2002లో గ్యారీ షెర్మన్ ఆరంభించిన క్యూజీఐఎస్ అదే పనిని కంటికి కనిపించే పటం మీద చేసి చూపుతుంది. ఓవర్‌పాస్ అనే సాధనం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి కోరిన వస్తువులను మాత్రమే ఏరి ఇస్తుంది. జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో రూపొందిన ఓహ్‌సమ్ సాధనం మరొక అడుగు ముందుకు వేసి, పటం యొక్క పూర్వచరిత్రను కూడా కూడుతుంది. ఏ తేదీ నాటికి ఈ ప్రాంతంలో ఎన్ని భవనాలు నమోదైనవో చెప్పగలదు.

చట్టపు అడ్డంకి కూడా కొంత తొలగినది. 2021 ఫిబ్రవరి 15న కేంద్ర ప్రభుత్వం విడుదల చేసిన మార్గదర్శకాలు, భారతీయ వ్యక్తులు, సంస్థలు పటాలు తయారు చేయుటకు ముందుగా అనుమతి పొందవలసిన అవసరాన్ని చాలవరకు తొలగించినవి. ఇక మిగిలినది ఈ పనిముట్లను సక్రమంగా అమర్చుట. కోల్‌కతా వంటి నగరంలో అది ఎంత సున్నితమైన పనియో చూడవలసి ఉన్నది.

ఒక కప్పు క్రింద ఎన్ని పొయ్యిలు?

2011 జనాభా లెక్కల ప్రకారం కోల్‌కతా నగరపాలక సంస్థ పరిధిలో సుమారు 45 లక్షల మంది ఉన్నారు. వారిలో సుమారు 14 లక్షల మంది నివాసం బస్తీలలో. కోల్‌కతా బస్తీలు చాలవరకు ఠికా పద్ధతి మీద పెరిగినవి. భూమి ఒకరిది, దానిని కౌలుకు తీసుకొని గుడిసె కట్టినవారు మరొకరు, అందులో ఒక్కొక్క గదిని అద్దెకు తీసుకొని కాపురముండేవారు ఇంకొందరు. నడుమ వాకిలి, కుళాయి, మరుగుదొడ్డి అందరికీ ఉమ్మడి. ఆకాశం నుంచి తీసిన ఛాయాచిత్రంలో ఇదంతా ఒక్క పెంకుటి కప్పుగా కనిపిస్తుంది. ఎక్కడో కూర్చొని ఛాయాచిత్రం చూచి గీసినవాడు దానిని ఒక్క భవనంగా నమోదు చేస్తాడు. క్రోడీకరణ సాధనం కప్పులను లెక్కించి కుటుంబాలని చెప్పితే, ఒక కప్పు క్రింద వెలిగే అనేక పొయ్యిలు ఒక్కటిగా మారిపోతాయి. నీరు, మందులు, సహాయపు బియ్యం ఆ ఒక్క పొయ్యికే చేరుతాయి.

సరాసరి చేసే మాయ మరొకటి. ఉదాహరణకు ఒక వార్డులో 10,000 మంది, 100 కుళాయిలు ఉన్నవనుకొందాము. నూరుగురికి ఒక కుళాయి అని పటం ఆ వార్డుకు ఒకే రంగు వేస్తుంది. కాని అందులోని బస్తీలో 4,000 మందికి పది కుళాయిలే ఉంటే, అక్కడ ఒక్కొక్క కుళాయి ముందు నాలుగు వందల మంది నిలబడవలెను. తక్కినచోట 67 మందికి ఒక కుళాయి. వార్డు సరాసరిలో కూడికల తప్పు ఏమాత్రం లేదు. అయినా అది అసత్యం చెప్పినట్లే. హద్దు మార్చితే అంకె మారుతుందని భూగోళ శాస్త్రజ్ఞులు ఎన్నో దశాబ్దాలుగా హెచ్చరిస్తూనే ఉన్నారు. అసలు హద్దులే స్థిరంగా ఉండవు. 2011 లెక్కల కాలంలో 141గా ఉన్న కోల్‌కతా వార్డులు, తరువాత జోకా ప్రాంతం చేరుటతో 144 అయినవి. పాత అంకెను కొత్త హద్దుతో పోల్చినవాడు తప్పక మోసపోతాడు.

చిరునామా లేని ఇండ్లను లెక్కలోనికి తెచ్చే ప్రయత్నం కూడా ఈ నగరంలోనే జరిగినది. అడ్రసింగ్ ది అన్‌అడ్రెస్డ్ అనే స్వచ్ఛంద సంస్థ బస్తీలలోని గదులకు అక్షాంశ రేఖాంశాల నుంచి పుట్టిన సంకేతాలను ఇచ్చి, వాటిని తలుపుల పక్కన అతికించినది. తరువాత ఇందుకు ప్లస్ కోడ్ పద్ధతిని ఉపయోగించినది. ఆ పద్ధతి మూలరచన కూడా బహిరంగమే. భూమిని పెద్ద గళ్లుగా చేసి, ప్రతి గడినీ ఇరవై అడ్డ వరుసలు, ఇరవై నిలువు వరుసలుగా విభజిస్తూ పోవుటయే దాని కిటుకు. పది అక్షరాల సంకేతం సుమారు 14 మీటర్ల గడిని సూచిస్తుంది. బస్తీలో అంత చోట పలు కుటుంబాలుంటాయి కావున పదకొండవ అక్షరాన్ని చేర్చి సుమారు మూడు మీటర్ల గడికి దిగవచ్చు. పదక్షరాలలో చివరి రెండు తొలగిస్తే, నాలుగు వందల చిన్న గళ్లు కలసి సుమారు 275 మీటర్ల గడి ఏర్పడుతుంది. అనగా చిరునామాలోనే క్రోడీకరణ ఇమిడి ఉన్నది. వార్డు హద్దులు ఎన్నిసార్లు మారినా ఈ గడి మారదు.

ఒకే వీధికి రెండు పేర్లు

పలు చోట్ల నుంచి వివరాలు తెచ్చి కలిపేటప్పుడు మరొక చిక్కు వస్తుంది. కోల్‌కతాలో హారిసన్ రోడ్డు మహాత్మా గాంధీ రోడ్డయినది. థియేటర్ రోడ్డు షేక్స్‌పియర్ సరణి అయినది. హారింగ్టన్ వీధి హో చి మిన్ సరణి అయినది. జనం నోట పాత పేరు, కార్యాలయ పత్రాలలో కొత్త పేరు. దానికి తోడు బెంగాలీలో ఒక వర్ణక్రమం, హిందీలో ఒకటి, ఇంగ్లీషులో మూడు. ఒక జాబితాలో పాత పేరుతోనూ, మరొక జాబితాలో కొత్త పేరుతోనూ ఉన్న ఒకే వైద్యశాలను సాధనం రెండుగా లెక్కించితే, లేని వైద్యశాల ఒకటి పటంలో వెలుస్తుంది. పేరును మాత్రమే నమ్మక, వాటి మధ్య దూరాన్ని, రకాన్ని, పాత పేర్ల చీటీని కూడా పోల్చవలెను. అనుమానం తీరని జంటలను యంత్రమే తీర్పు చెప్పక, ఆ వీధి తెలిసిన మనిషి ముందుంచవలెను.

సాధన నిర్మాతకు నాలుగు నియమాలు

ఈ అనుభవాల నుంచి కొన్ని నియమాలు తామే రూపొందుతున్నవి. మొదటిది: సున్న వేరు, తెలియకపోవుట వేరు. ఒక సందులో కుళాయి లేదని చూచి వ్రాసినవారుంటే అది సున్న. ఆ సందుకు ఎవరూ పోనే లేదంటే అది ఖాళీ. ఈ రెండింటికీ ఒకే రంగు వేసే సాధనం, ఎవరూ చూడని పేదవాడను అసలు లేనివాడుగా మార్చివేస్తుంది.

రెండవది: ప్రతి మొత్తం వెంట దాని సాక్ష్యం నడవవలెను. ఎన్ని పరిశీలనల నుంచి వచ్చినది, వాటిలో అతి పాతది ఏనాటిది, ఏ మూలం నుంచి ఎంత అనే వివరాలు అంకెకు తోకవలె అంటిపెట్టుకొని ఉండవలెను. సరాసరులను మళ్లీ సరాసరి కట్టక, మూలపు మొత్తాల నుంచే ప్రతిసారి లెక్కించవలెను.

మూడవది: మహలనోబిస్ ఉపాయం. కొన్ని గళ్లను ఇద్దరు సేకర్తలు ఒకరికి తెలియకుండా ఒకరు చూడవలెను. ఆ తేడాను సాధనం తానే గణించి చూపవలెను.

నాలుగవది: పటం పేదవానికి ఉచ్చు కాకూడదు. మూడు మీటర్ల గడిలో ఒకే ఒక్క కుటుంబం ఉంటే, అక్కడ వేసిన రోగపు అంకె ఆ కుటుంబం పేరు చెప్పినట్లే. అటువంటి వివరాలను పెద్ద గడిలో కలిపి మాత్రమే ప్రకటించవలెను. కుళాయిని చిన్న గడిలో చూపవచ్చు, క్షయరోగిని చూపరాదు.

ఇవన్నీ చేసినా సాధనం మూలరచన మూసి ఉంటే ఫలం సగమే. 2020 మే 20న అంఫన్ తుపాను ఈ నగరాన్ని కుదిపివేసినప్పుడు వలె, ఏ వాడకు ముందు నీరు పంపవలెనో తేల్చే అంకె మీద ప్రాణాలే ఆధారపడవచ్చు. అటువంటి అంకెను బస్తీవాసి ప్రశ్నించగలగవలెను. "మా వాకిట పన్నెండు కుటుంబాలున్నవి, మీ పటంలో ఒక్కటే ఉన్నదేమి?" అని అడిగినప్పుడు, ఆ ఒకటి ఎక్కడ నుంచి వచ్చినదో నిమిషంలో చూపి, అక్కడికక్కడే దిద్దగలిగిన సాధనమే ప్రజల సాధనం.

లక్ష్మయ్యకు దక్కని అధికారం, సిక్దర్‌కు దక్కని పేరు నేటి సేకర్తకు దక్కే అవకాశం వచ్చినది. పటం గీసినవాని పేరును, లెక్క కట్టిన తీరును, లెక్కలో మిగిలిన అనుమానాన్ని అంకె పక్కనే వ్రాసి ఉంచే సాధనాలను నిర్మించుటకు కావలసిన విద్య మన యువకులకు ఉన్నది. కోల్‌కతా బస్తీకి ఉపకరించిన సాధనం విజయవాడ కొండవాలు కాలనీలకు, హైదరాబాదు మూసీ ఒడ్డు వాడలకు కూడా ఉపకరిస్తుంది. అయితే ఛాయాచిత్రం చెప్పలేని పన్నెండు పొయ్యిల సంగతి తెలుసుకొనుటకు ఎవరో ఒకరు ఆ వాకిలి వరకు నడిచిపోక తప్పదు.